కేరీ గారి ఓర్పు

మన సంఘం పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం ఇవ్వమని కార్యదర్శిగారు కబురు చేశారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. డిసెంబరు 17 వెళ్ళిన వారానికే క్రిస్మస్ గనుక, దేవుని ప్రేమను నమ్ముకొని ఓర్పుగా బ్రతికిన ఒక మనిషి జీవితం వ్రాస్తానన్నాను. ఆయన మన తెలుగు భాషకు కూడా కొంత సేవ చేసినవాడు. అందుచేత ఏ మతం వారైనా విసుగు లేకుండా చదువుతారని ఆశపడుతున్నాను.

ఆయన పేరు విలియం కేరీ. 1761 ఆగస్టు 17న ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పురి అనే పల్లెలో జన్మించారు. తండ్రి ఎడ్మండ్ మొదట మగ్గం నేసేవాడు, తరువాత ఆ ఊరి చర్చికి గుమాస్తాగా, బడికి పంతులుగా పనిచేశాడు. గుమాస్తా కొడుకన్నమాట. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించిందని ఒప్పుకుంటున్నాను. పిల్లవాణ్ణి ముందు తోటపనిలో పెట్టారు గాని, ఎండ తగిలితే ఒళ్ళు పేలిపోయే చర్మవ్యాధి ఉండడంతో ఆ పని మాన్పించి చెప్పులు కుట్టే పనికి పంపించారు. ఎండకు ఓర్చలేని ఆ మనిషే తరువాత నలభై ఏళ్ళు బెంగాలు ఎండలో గడిపాడు.

పందొమ్మిదేళ్ళ వయస్సులో, 1781లో, తనకన్నా ఐదారేళ్ళు పెద్దదైన డొరతీ ప్లాకెట్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆమెకు చదువు రాదు. పెళ్ళి రిజిస్టరులో సంతకానికి బదులు ఒక గీతల గుర్తు పెట్టింది. మొదటి బిడ్డ రెండేళ్ళకే జ్వరంతో పోయింది. అదే జ్వరం తగిలి కేరీ గారికి తలమీద జుట్టు ఊడిపోయింది. పగలు బడి చెప్పడం, రాత్రి చెప్పులు కుట్టడం, ఆదివారం బాప్టిస్టు సంఘంలో బోధించడం. ఇన్ని చేసినా ఇంట్లో తిండికి కరువే. ఆ మధ్యనే లాటిను, గ్రీకు, హెబ్రీ, ఇటాలియను, డచ్చి, ఫ్రెంచి భాషలు పుస్తకాలు పెట్టుకొని సొంతంగా నేర్చుకున్నారు. గోడమీద ప్రపంచపటం ఒకటి తగిలించుకొని, ఏ దేశంలో ఎంతమంది జనం, వాళ్ళ మతమేమిటి అని దానిమీద వ్రాసుకునేవారు.

1792లో మూడు పనులు జరిగాయి. దూరదేశాలకు సువార్త తీసుకుపోవడం క్రైస్తవుల విధి అని ఆయన ఒక చిన్న పుస్తకం వేశారు. మే నెలాఖరున నాటింగ్‌హాంలో యెషయా గ్రంథం 54వ అధ్యాయం మీద ప్రసంగించారు. అక్టోబరు 2న కెటరింగ్ అనే ఊళ్ళో కొద్దిమంది పల్లెటూరి బోధకులు కూర్చొని బాప్టిస్టు మిషనరీ సంఘం పెట్టారు. ఆనాడు అందరూ ఇస్తామన్న మొత్తం పదమూడు పౌన్ల రెండు షిల్లింగుల ఆరు పెన్సులు. చందా చీటీలు వేయడానికి దొరికినది ఒక ముక్కుపొడి డబ్బీ.

మరుసటి సంవత్సరమే ప్రయాణం. డొరతీ రానంది. నిండు చూలాలు, సముద్రం ఎన్నడూ చూడని మనిషి, ఆమెను తప్పుపట్టలేం. మొదట పెద్దకొడుకు ఫీలిక్స్‌ను మాత్రం వెంటబెట్టుకొని కేరీ గారు ఓడ ఎక్కారు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేదని ఆ ఓడనుంచి దింపేశారు. ఈ లోపల ఆమెకు కొడుకు పుట్టాడు. చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానని చివరికి ఒప్పుకున్నది. 1793 జూన్ 13న ఒక డేనిష్ ఓడలో అందరూ బయలుదేరి, దారిలో ఎక్కడా రేవు పట్టకుండా ఐదు నెలలు ప్రయాణం చేసి, నవంబరు 11న కలకత్తా చేరారు.

ఇక్కడినుంచి ఏడేళ్ళ కథ నేను కొంచెం నిదానంగా చెప్పాలి. ఆయన జీవితచరిత్రలు వ్రాసినవారు ఈ ఏడేళ్ళను గబగబా దాటించి సెరాంపూర్ ముద్రణశాల దగ్గరకు వెళ్ళిపోతారు. నా లెక్కలో మాత్రం ఆయన ఏమిటో తెలిసేది ఈ ఏడేళ్ళలోనే.

తోడు వచ్చిన డాక్టరు జాన్ థామస్ మంచి మనసున్నవాడే గాని చేతిలో డబ్బు నిలవదు. తెచ్చుకున్న పైకం కొద్ది వారాల్లో అయిపోయింది. కేరీ గారు కుటుంబంతో సుందరవనాల అడవి అంచుకు పోయారు. అక్కడ డొరతీకీ పెద్దకొడుక్కీ రక్తవిరేచనాలు. 1794లో జార్జి ఉడ్నీ అనే దయగల దొర ఉత్తర బెంగాలులో ముద్నాబతి దగ్గరి తన నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజరుగా పెట్టుకొని నెలకు రెండు వందల రూపాయలు జీతమిచ్చాడు. కేరీ గారు వెంటనే ఇంగ్లండులోని సంఘానికి, తనకు ఇక డబ్బు పంపవద్దని, ఆ సొమ్ము మరొకచోట వాడుకొమ్మని వ్రాసేశారు. కాని ఆ సంఘం నుంచి జాబులే రావు. బెంగాలులో దిగాక ఏడాది దాటినా ఇంటినుంచి ఒక్క ఉత్తరం ముక్క లేదు.

ఆ యేడే ఐదేళ్ళ కొడుకు పీటర్ విరేచనాలతో చనిపోయాడు. తండ్రి తానే జ్వరంతో లేవలేని స్థితి. కులం చెడుతుందన్న భయంతో శవపేటిక చేసేవారు లేరు, గుంట తవ్వేవారు లేరు. చివరికి నలుగురు ముస్లిములు గుంట తవ్వారు. తవ్వినందుకు ఊరివాళ్ళు వాళ్ళను వెలివేశారు.

పీటర్ పోయిన తరువాత డొరతీ మనస్సు విరిగిపోయింది. 1795 నాటికి అది స్పష్టంగా బయటపడింది. భర్త పరస్త్రీలతో తిరుగుతున్నాడని కేకలు, వీధిలో వెంటబడి తిట్లు, ఒకటి రెండుసార్లు ప్రాణం తీయబోవడం దాకా వెళ్ళింది. అది జబ్బు అని ఆయనకు తెలుసు. ఆమెను ఒక గదిలో ఉంచవలసి వచ్చింది. బయటకు ఎక్కడికీ పంపలేదు, తన ఇంట్లోనే ఉంచుకున్నారు. పక్కగదిలో ఆమె అరుస్తుండగా ఈ గదిలో కూర్చొని బెంగాలీ కొత్త నిబంధన అనువాదం చేశారు. అలా ఒక నెల కాదు, ఒక సంవత్సరం కాదు. 1807 డిసెంబరులో ఆమె కన్నుమూసేదాకా పన్నెండేళ్ళు.

పాఠకులు మన్నించాలి, ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పుకుంటాను. మా ఇంటావిడకు మతిమరుపు జబ్బు వచ్చి ఆరేళ్ళయింది. కొన్ని రోజులు నన్ను వాళ్ళ నాన్నగారనుకుంటుంది. కొన్ని రోజులు ఇంట్లో దూరిన దొంగ అనుకుంటుంది. కేరీ గారి జీవితచరిత్రను నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి చదివాను. అప్పుడు డొరతీ గురించి ఉన్న అర పేజీ నా కంటికి ఆనలేదు. రెండేళ్ళ క్రితం మళ్ళీ తీసి చదివినప్పుడు ఆ అర పేజీ దగ్గరే ఆగిపోయాను. ఆ రోజు ఇంక ముందుకు చదవలేకపోయాను.

ఒక మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. దేవుని ప్రేమమీద నమ్మకం పెట్టుకొని బయలుదేరినది కేరీ గారు. దాని ఖరీదులో పెద్దభాగం చెల్లించినది డొరతీ. ఆమెను ఎవరూ సరిగా అడగలేదు. అడిగినప్పుడు ఆమె వద్దన్నది. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు. కేరీ గారికి కూడా తేలి ఉంటుందని నేననుకోను. కాని తేలలేదని ఆయన దేవుని దగ్గరనుంచి లేచిపోలేదు, ఆమె దగ్గరనుంచీ లేచిపోలేదు. ఆ రోజుల్లో తన దినచర్య పుస్తకంలో ఆయన వ్రాసుకున్నదంతా తన మనస్సు ఎండిపోయిందని, ప్రార్థన రావడం లేదని, మాట్లాడుకునేందుకు ఒక్క స్నేహితుడు లేడని. ఇలాంటివి వ్రాసుకున్న మరునాడు పొద్దున్నే లేచి పండితుణ్ణి పిలిపించుకొని నిన్న ఆపిన వచనం దగ్గర మొదలుపెట్టేవారు. ఓర్పు అంటే నాకు ఈయన దగ్గర కనిపించినది అదే. దేవుడు ప్రేమించేవాడా కాదా అన్న లెక్క ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం కట్టమని అడగకపోవడం.

ఏడేళ్ళలో బాప్తిస్మం తీసుకున్న బెంగాలీ ఒక్కడు కూడా లేడు. నీలిమందు వ్యాపారం దెబ్బతిని ఫ్యాక్టరీ మూతపడింది. కంపెనీవారి రాజ్యంలో కొత్త మిషనరీలను దిగనివ్వరు గనుక, కలకత్తాకు పదిహేను మైళ్ళ ఎగువన డెన్మార్కువారి కింద ఉన్న సెరాంపూర్‌లో, ఇంగ్లండునుంచి కొత్తగా వచ్చిన జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్‌లతో 1800 జనవరి 10న కేరీ గారు కలిశారు.

ఆ సంవత్సరం నవంబరులో కృష్ణపాల్ అనే వడ్రంగి నదిలో స్నానానికి పోయి జారిపడి భుజం కీలు తప్పించుకున్నాడు. డాక్టరు థామస్ కీలు సరిచేసి, ఆ మాటా ఈ మాటా చెప్పి సువార్త కూడా చెప్పాడు. డిసెంబరు 22న కృష్ణపాల్, గోకుల్ మిషనరీల పంక్తిని కూర్చొని భోజనం చేశారు. కులం పోయిందని ఊరంతా వాళ్ళ ఇంటిమీదకు వచ్చింది. డిసెంబరు 28న హుగ్లీ నదిలో బాప్తిస్మం. డేనిష్ గవర్నరు బీ గారు కూడా వచ్చి గట్టుమీద నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. తీరా సమయానికి గోకుల్, ఇంటి ఆడవాళ్ళు వెనకాడారు. నీళ్ళలోకి దిగినది ఇద్దరే. కృష్ణపాల్ ఒకరు, కేరీ గారి పెద్దకొడుకు ఫీలిక్స్ రెండవవారు. పదిహేడేళ్ళు ఈ దినం కోసం చూసిన థామస్‌కు సంతోషం పట్టలేక మతి చెదిరింది. అతణ్ణి పట్టి ఒక గదిలో పెట్టారు. ఇంకొక గదిలో డొరతీ. ఇద్దరి కేకలూ వినబడుతుండగా నదీతీరంలో పాట పాడి బాప్తిస్మమిచ్చారు. ఏడేళ్ళు ఎదురుచూసిన జవాబు వచ్చిన రోజు ఎలా ఉన్నదో చూడండి.

ఆ తరువాతి పనులు మనలో చాలామందికి తెలిసినవే గనుక గబగబా చెబుతాను. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే యేడు కలకత్తాలో ఫోర్టు విలియం కాలేజీలో కంపెనీ ఉద్యోగులకు బెంగాలీ చెప్పే పని దొరికింది. తరువాత సంస్కృతం, మరాఠీ కూడా. నెలకు ఐదు వందలతో మొదలై వెయ్యి రూపాయలకు వచ్చింది. ఆ జీతమంతా మిషను ఉమ్మడి ఖాతాలో వేసి, ఇంటి ఖర్చుకు కొద్దిగా మాత్రం తీసుకునేవారు. గంగాసాగరంలో బిడ్డలను నీళ్ళలో వదిలే ఆచారం మీద, సతీసహగమనం మీద ప్రభుత్వానికి నివేదికలు ఇచ్చారు. 1829 డిసెంబరులో సతిని నిషేధించే రెగ్యులేషను బెంగాలీలోకి అనువదించమని ఒక ఆదివారం ఉదయం కాగితం వస్తే, ప్రసంగం మరొకరికి అప్పజెప్పి, ఒక గంట ఆలస్యమైతే ఒక ప్రాణం పోతుందని సాయంత్రానికల్లా ముగించి పంపారు. అర్జెంటు తపాలా అంటే అది.

మన భాష సంగతికి వస్తాను. సెరాంపూర్ ముద్రణశాలలో భారతదేశపు భాషలు ఒకదాని తరువాత ఒకటి అచ్చుకు ఎక్కుతున్న కాలంలో, పండితుల సాయంతో కేరీ గారు తెలుగు కూడా పట్టారు. అప్పటికి విశాఖపట్నంలో 1805 నుంచి లండన్ మిషను వారు తెలుగు అనువాదం చేస్తున్నారు. వారి సువార్తలు కూడా 1812లో సెరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. కేరీ గారు తన వంతుగా ఒక తెలుగు వ్యాకరణం వ్రాసి అచ్చుకు సిద్ధం చేసుకున్నారు.

1812 మార్చి 11 సాయంత్రం ముద్రణశాలలో నిప్పు అంటుకున్నది. రెండు వందల అడుగుల పొడవున్న కొట్టు. కేరీ గారు ఆ రాత్రి కలకత్తాలో ఉన్నారు. వార్డ్ గారు తలుపులు, కిటికీలు మూయించి, పైకప్పుకు కన్నం చేసి కొన్ని గంటలు నీళ్ళు పోయించి మంటను అణచి ఉంచారు. ఎవరో తెలియక కిటికీ తెరిచారు. గాలి తగిలి మంట లేచింది. అర్ధరాత్రికి కప్పు కూలింది. పద్నాలుగు భాషల అచ్చుఅక్షరాలు కరిగిపోయాయి. ఇంగ్లండునుంచి కొత్తగా వచ్చిన పన్నెండు వందల రీముల కాగితం బూడిదైంది. నష్టం డెబ్భై వేల రూపాయలని లెక్క వేశారు. డబ్బుకు లెక్క కట్టలేనివి వ్రాతప్రతులు. ఏళ్ళ తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు, పంజాబీ వ్యాకరణం, రామాయణ అనువాదంలో కొంత భాగం, మన తెలుగు వ్యాకరణం.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక తుఫాను రాత్రి రికార్డు గది రేకులు లేచిపోయి, రిజిస్టర్లు వానకు నాని ముద్దయ్యాయి. చేత్తో వ్రాసిన ఇరవై ఏళ్ళ పని. అవి మళ్ళీ తయారుచేయడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ మరునాటి ఉదయం ఆ తడికాగితాల ముందు నిలబడ్డప్పుడు నోట మాట రాలేదు. అందుచేత, మార్ష్‌మన్ గారు కలకత్తా వెళ్ళి ఈ వార్త చెప్పినప్పుడు కేరీ గారి నోట మాట రాలేదని, సాయంత్రం వచ్చి పొగలు కక్కుతున్న ఆ గోడల మధ్య తిరుగుతూ కన్నీళ్ళు పెట్టుకున్నారని చదివితే నాకు వింత అనిపించలేదు. ఆయన రాయి కాదు. అచ్చుపని బాగా సాగుతున్నదని తనలో తాను మురిసిపోయినందుకు దేవుడు తనను తగ్గించాడేమో అని కూడా అనుకున్నారు. ఆ తరువాతి ఆదివారం 46వ కీర్తన మీద ప్రసంగించారు. మనలను తన ఇష్టప్రకారం నడిపించే హక్కు దేవునికి ఉన్నదని, మనిషి నెమ్మదిగా దానికి ఒప్పుకోవాలని ఆ ప్రసంగ సారాంశం.

ఒప్పుకోవడం అంటే చేతులు ముడుచుకోవడం కాదు. బూడిద చల్లారక ముందే వెతికితే, అక్షరాలు పోతపోసే ఉక్కు అచ్చులు చెడకుండా దొరికాయి. కరిగి గడ్డకట్టిన సీసం టన్నులకొద్దీ ఏరారు. కొన్ని వారాల్లో పోత మళ్ళీ మొదలైంది. అగ్నిప్రమాదం వార్త ఇంగ్లండు చేరిన రెండు నెలలలోపే నష్టానికి సరిపడా చందా వసూలైంది. కేరీ గారు ఒకసారి నడిచిన దారి రెండవసారి కొంత తేలికగా ఉంటుందని స్నేహితులకు ధైర్యం చెప్పి, తెలుగు వ్యాకరణం మొదటి పేజీనుంచి మళ్ళీ వ్రాశారు. అది 1814లో వెలువడింది. 1818లో తెలుగు కొత్త నిబంధన, 1821లో మోషే ఐదు కాండాలు అచ్చయ్యాయి. నిజం చెప్పాలంటే ఆ అనువాదం మన సంఘాలలో నిలవలేదు. బెంగాలులో కూర్చొని వ్రాసిన తెలుగు మనవాళ్ళ చెవికి ఇంపుగా ఉండలేదు. తరువాతివారి అనువాదాలు దాని స్థానంలోకి వచ్చాయి. మళ్ళీ మొదటినుంచి వ్రాసినది కూడా చివరికి పక్కకు పోయిందన్నమాట.

1808లో షార్లెట్ రూమర్ అనే విద్యావంతురాలిని ఆయన వివాహం చేసుకున్నారు. పదమూడేళ్ళు సుఖంగా గడిచాయి. 1821లో ఆమె పోయింది. మరుసటి యేడు, తండ్రితోపాటు అన్ని కష్టాలు పడ్డ ఫీలిక్స్ పోయాడు. 1823లో మూడవ పెళ్ళి. అదే యేడు ఒక రాత్రి కలకత్తాలో బోధించి వస్తూ పడవ దిగడంలో పడి తుంటి దగ్గర దెబ్బ తగిలి చాలాకాలం ఊతకర్రలతో నడిచారు. ఆయన మంచంమీద ఉండగానే వరద వచ్చి, దేశదేశాల మొక్కలతో పెంచిన తోటను తుడిచిపెట్టింది. 1827లో ఇంగ్లండులోని సంఘంతో తగవు ముదిరి, తాను పుట్టించిన ఆ సంఘంనుంచే సెరాంపూర్ వేరుపడింది. 1830లో కలకత్తాలో పామర్ కంపెనీ దివాలా తీసింది. ఆ వెంట మరికొన్ని. మిషను నిల్వలు వాటితో పోయాయి. అదే యేడు కాలేజీలో ప్రొఫెసరు పదవులు రద్దు చేసి, కేరీ గారికి పెన్షను ఇచ్చారు. వెయ్యి రూపాయలు ఐదు వందలైంది. మనకు బాగా తెలిసిన సగం జీతపు లెక్కే. ఆయన ఆ ఐదు వందల్లోంచి కూడా మిషనుకు ఇస్తూనే ఉన్నారు. కీర్తిని ఎవరైనా ఎత్తితే మాట మార్చేవారు.

చివరి నెలల్లో లేవలేక, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోటలోకి తీసుకువెళ్ళేవారు. వరద తరువాత మళ్ళీ నాటిన తోట అది. అప్పుడు ఆయనకు ఒక దిగులు పట్టుకున్నది. తాను పోయాక మార్ష్‌మన్ తోటలోకి ఆవులను తోలిస్తాడని. ఆ సంగతి చెప్పి కంటతడి పెట్టుకున్నారు. మొక్కలను తానే చూసుకుంటానని మార్ష్‌మన్ గారు మాట ఇచ్చాక ఊరట పడ్డారు. దేవునికి అన్నీ అప్పగించిన మనిషి మొక్కలను మాత్రం అప్పగించలేకపోయాడని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ కన్నీళ్ళ దగ్గర ఆయన మా వీధిలో మనిషిలా కనిపిస్తాడు.

1834 జూన్ 9 ఉదయం కన్నుమూశారు. వీలునామాలో మిషను ఆస్తిపై తనకు గాని, తన వారసులకు గాని హక్కు లేదని వ్రాశారు. తన పుస్తకాలు అమ్మి, జాబెజ్ అనే కొడుక్కు పదిహేను వందల రూపాయలు ఇవ్వమన్నారు. జాబెజ్, ఓడ ఎక్కేముందు పుట్టిన పిల్లవాడు. అంత్యక్రియలు సాదాగా జరపాలని, షార్లెట్ పక్కన పాతిపెట్టాలని కోరారు. రాతిమీద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ వ్రాసి, ఐజాక్ వాట్స్ గారి కీర్తనలోనుంచి రెండు పాదాలు మాత్రం చెక్కమన్నారు. తన పనులేవీ చెప్పుకోక, ఏమీ చేతగానివాడిగా దేవుని చేతుల మీద వాలుతున్నానన్న అర్థం వచ్చే పాదాలవి. 1993లో మన తపాలాశాఖ కేరీ గారి పేర ఒక బిళ్ళ విడుదల చేసింది. అది నా ఆల్బంలో ఉన్నది, చూడదలచినవారు సంఘం సమావేశానికి వచ్చినప్పుడు అడిగితే తెచ్చి చూపిస్తాను.